బొమ్మలా ఉన్నావన్న మాట

రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఒక పెద్ద బట్టల షాపులో ఇరవై ఏళ్ళకి పైగా చీరలు అమ్మాను. మోకాళ్ళు ఇక మెట్లెక్కలేమని మొరాయించాక మానేశాను. ఇప్పుడు సాయంత్రాలు మా వరండాలో కూర్చుంటే, వీధిలో ఉద్యోగాలు చేసే ఆడపిల్లలు ఇంటికి వెళ్తూ కాసేపు ఆగుతారు. మొన్న వాళ్ళలో ఒకమ్మాయి అడిగింది, వాళ్ళ మేనేజర్ రోజూ తన డ్రెస్ బాగుందంటాడట, అది మంచి మాటో కాదో తనకి తేలడం లేదట. పొగడ్తల మీద బతికినదాన్ని కదా, నాకు తెలిసే ఉంటుందని ఆ పిల్ల నమ్మకం. నాకు షాపులో గడిచిన ఒక రోజు గుర్తొచ్చింది. ఆ రోజు సంగతి ఆమెకి చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

నేను చేరింది తొంభైల మొదట్లో. అప్పటికి షాపులో అందరూ మగవాళ్ళే. తెల్లటి పరుపుల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, చీర మీద చీర విప్పి విసిరేవారు. లోపలి లంగాలు కావాలని వచ్చిన ఆడవాళ్ళు నోరు తెరిచి అడగలేక వెళ్ళిపోతున్నారని మా షావుకారుగారు కనిపెట్టి, ఇద్దరు ఆడవాళ్ళని పెట్టుకున్నారు. అందులో నేనొకదాన్ని. నాకు పని నేర్పింది పెద్ద గుమాస్తాగారు. యాభై దాటిన మనిషి. మల్లెపువ్వు లాంటి పంచె, ముక్కు మీదకి జారే కళ్ళద్దాలు. మడతలు పెట్టడం మొదటి వారంలోనే వచ్చేసింది. ఆ తర్వాత ఆయన నేర్పింది మాట.

ఆయన వయసులో ఉండగా ఒకావిడతో, మీ ఛాయకి ఏ రంగైనా నప్పుతుందండి అన్నాడట. వెనకాల నిలబడ్డ ఆవిడ భర్త ఈయన చొక్కా కాలర్ పట్టుకున్నాడట. అప్పటి నుంచీ ఆయనకి ఒకటే సూత్రం. నాకు చెప్పినప్పుడు చేతిలో గద్వాల చీర ఉంది, దాన్ని తడుతూ చెప్పారు.

"చీర మనదమ్మా. దాన్ని ఎంత పొగిడినా అడిగేవాడు లేడు. మనిషి మనది కాదు. ఆ జోలికి వెళ్ళకు."

భయం వల్ల పుట్టిన సూత్రమే గానీ, నాకు బాగా పనికొచ్చింది. మా కౌంటర్‌కి వచ్చే పెళ్ళికూతుళ్ళలో సగం మంది నోరు విప్పేవారు కాదు. చుట్టూ ఉన్న పిన్నులూ మేనత్తలూ విప్పేవారు. దీని రంగుకి అది తేలదు, దీని ఒడ్డూ పొడుగుకి ఇది ఎబ్బెట్టు, అంటూ. ఆ పిల్ల తల దించుకుని పరుపు మీద దారపు పోగులు ఏరుతూ ఉండేది. అలాంటప్పుడు నేను చీర చేతిలోకి తీసుకుని, ఈ వంగపండు రంగు లైటు కింద తెలీదండి, ఎండలో చూడాలి, అమ్మాయిగారిని ఒక్కసారి గుమ్మం దాకా పంపండి అనేదాన్ని. గుమ్మం దగ్గర ఆ పిల్లా నేనూ మాత్రమే. అక్కడ తనకేం కావాలో తనే చెప్పేది. నేను అమ్మిన పెళ్ళిచీరల్లో చాలా వరకు అలా గుమ్మంలో తేలినవే.

రెండువేల సంవత్సరం దాటాక షాపు మారింది. షావుకారుగారి అబ్బాయి చదువు పూర్తి చేసుకుని వచ్చి వ్యాపారంలో దిగారు. ఆయన్ని మేం చినబాబుగారనేవాళ్ళం. చెడ్డమనిషి అని మీరు అనుకోవద్దు. మేం రోజంతా నిలబడి ఉండటం చూసి స్టూళ్ళు వేయించింది ఆయనే. క్యారేజీలు తినడానికి వెనక ఒక గది కట్టించింది ఆయనే. పరుపులు తీసేసి అద్దాల కౌంటర్లు పెట్టారు, ఏసీ పెట్టారు, మేడ మీద పెళ్ళి పట్టుచీరలకి విడిగా ఒక అంతస్తు వేశారు. లారీలో బొమ్మలు దిగాయి, షాపుల్లో చీరలు కట్టి నిలబెట్టే బొమ్మలు. వాటికి మొదటిసారి చీరలు కట్టమంటే మా గుమాస్తాగారు సిగ్గుతో కళ్ళు మూసుకుని కుచ్చిళ్ళు పెట్టారు. చీర తలకిందులుగా వచ్చింది. చాలా రోజులు ఆ మాట చెప్పుకుని నవ్వుకున్నాం.

ఆ రోజుల్లోనే ఒక అమ్మాయి చేరింది. కడియం అవతల పల్లెటూరు. వాళ్ళమ్మ నర్సరీల్లో సంచుల్లో మట్టి నింపే పనికి వెళ్ళేది. ఈ పిల్ల ఇంటర్ పాసై, రోజూ బస్సులో వచ్చేది. చాలా అందగత్తె. ఎలా ఉండేదో నేను వర్ణించను. ఎందుకో ఇదంతా చదివాక మీకే తెలుస్తుంది. నన్ను అక్కా అని పిలిచేది. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది, అయినా అత్తా అనమంటే వినలేదు. పని చురుకు. మెట్లెక్కి వచ్చేవాళ్ళని చూడగానే వీళ్ళు కొంటారక్కా, వీళ్ళు ఏసీకి వచ్చారక్కా అని చెప్పేసేది, తప్పు పోయేది కాదు. ఒక్కోసారి నాకంటే ముందు బేరం తెంపేది.

చినబాబుగారికి ఒక ఆలోచన వచ్చింది. బొమ్మలకి కడితే చీర చీరలాగే ఉంటుంది, మనిషి కడితే ప్రాణం వస్తుంది. ఈ అమ్మాయి రోజూ ఒక కొత్త పట్టుచీర కట్టుకుని మేడ మెట్ల పైన నిలబడాలి. వచ్చినవాళ్ళకి నమస్కారం పెట్టాలి, నవ్వాలి. అంతే పని.

మొదట్లో ఆ పిల్ల సంతోషపడిందనే చెప్పాలి. కంచి పట్టు ఒంటి మీద పడటం ఎవరికి చేదు. నేనే పొద్దున్నే కుచ్చిళ్ళు సర్దేదాన్ని. బొమ్మలా ఉన్నావే అని అందరూ అన్నారు. నేనూ అన్నాను. ఆ మాటలో నాకప్పుడు తప్పేమీ కనిపించలేదు, నిజం చెప్పాలంటే ఇప్పటికీ కనిపించదు. మన ఇళ్ళలో పసిపిల్లని ఎత్తుకుని అనే మాట అది. తప్పు ఎక్కడో మాటకి పక్కన ఉంది. ఎక్కడుందో ఆ పిల్లే ముందు కనిపెట్టింది. ఒక మధ్యాహ్నం క్యారేజీ మూత తీసి, తినకుండా కూర్చుని అంది.

"అక్కా, ఇదివరకు అందరూ నాతో మాట్లాడేవారక్కా. ఇప్పుడు నా గురించి మాట్లాడుతున్నారు. నేనక్కడే ఉంటున్నాను."

గమనిస్తే నిజమే. అంతకుముందు ఆమెని, ఏమ్మా, ఇందులో చిలకపచ్చ ఉందా అని అడిగినవాళ్ళే, ఇప్పుడు ఆమె ఎదురుగా నిలబడి నన్ను అడుగుతున్నారు. ఆ అమ్మాయిని కొంచెం వెనక్కి తిరగమనండి. ఆ చెయ్యి ఎత్తమనండి, కొంగు చూద్దాం. కొందరు ఆడవాళ్ళు అడగకుండానే ఆమె భుజం మీద కొంగు లాగి జరీ గీకి చూసేవారు. ఎంతండీ, ఎంతండీ అని పదిమందీ అడుగుతున్నారని చినబాబుగారు ధర చీటీ ఆమె భుజం దగ్గర పిన్నీసుతో పెట్టించారు. బొమ్మలకి పెట్టినట్టే. అది నాకు నచ్చలేదు. అయినా చీర ధర చీరకి పెట్టారు, అందులో అనడానికి ఏముంది అనిపించి ఊరుకున్నాను.

శ్రావణమాసం వచ్చింది. పెళ్ళి బేరాలు. ఒక రోజు పదకొండింటికి రెండు కార్లలో ఒక పెళ్ళివారు దిగారు. మగపెళ్ళివారిది భీమవరం దగ్గర, చేపల చెరువులున్న కుటుంబం. ఆడపెళ్ళివారిది తణుకు పక్క ఊరు. వచ్చినవాళ్ళలో పెళ్ళికూతురు, ఆమె తల్లి, పెళ్ళికొడుకు తల్లి, ఆవిడ అన్నగారు. అంటే పెళ్ళికొడుక్కి మేనమామ. పెళ్ళికొడుకు రాలేదు. మేనమామగారే పెద్దరికం వహించి ఉన్నారు. పండిన మీసం, చేతికి ఉంగరాలు, అందరినీ అండీ అండీ అంటూ నవ్వుతూ పలకరించే మనిషి. మా గుమాస్తాగారిని కూడా, ఏమండీ బాగున్నారా, పోయినేడు మా పెద్దమ్మాయి పెళ్ళికి మీరే కదండీ చూపించేరు అని పలకరించారు. ఇలాంటి బేరం రోజుకొకటి వస్తే చాలు అని మేమంతా హుషారుగా అరల్లోంచి చీరలు దించాం.

మెట్ల పైన మా అమ్మాయి నిలబడి ఉంది. ఆ రోజు కనకాంబరం రంగు పట్టు, ఆకుపచ్చ అంచు. పెళ్ళికొడుకు తల్లి ఆగి, ఎంత ముచ్చటగా ఉన్నావమ్మా తల్లీ అని గడ్డం పట్టుకున్నారు. ఆవిడ కళ్ళల్లో నిజమైన ప్రేమే ఉంది. పిల్ల నవ్వింది. అంతవరకు ఏమీ లేదు.

కూర్చున్నాక ఆవిడ ఏ చీర తీసినా, అదిగో ఆ అమ్మాయి మీద వెయ్యండి చూద్దాం అనడం మొదలుపెట్టారు. పెళ్ళికూతురు పక్కనే కూర్చుని ఉంది. చామనఛాయ, బక్కపలచటి పిల్ల, ఎక్కడో టీచరు ట్రైనింగ్ చదువుతోందని వాళ్ళమ్మ చెప్పింది. ఆమె మీద ఒక్క చీర కూడా వెయ్యలేదు. మా అమ్మాయి మీద వేసి, తిప్పి, అబ్బ ఎలా ఉందో చూడు అని, వెంటనే పెళ్ళికూతురి వైపు చూసి నిట్టూర్చడం.

"దీనికి నడుం ఉంది కాబట్టి నిలిచింది. మన పిల్లకి నిలవదులే."

"ఈ రంగు దీని ఒంటి మీద వెలిగింది. మనదానికి ఎబ్బెట్టుగా కొడుతుంది."

నేను నా పాత ఉపాయం వేసి, అమ్మాయిగారిని ఒక్కసారి కిందకి, గుమ్మం దాకా పంపండి, ఎండలో చూపిస్తాను అన్నాను. ఎందుకమ్మా ఎండ, లైట్లున్నాయిగా అన్నారావిడ. పెళ్ళికూతురి తల్లి ఏమీ అనలేక నవ్వుతూ కూర్చుంది. ఒక గదిలో ఇద్దరు ఆడపిల్లల్ని పక్కపక్కన పెట్టి తూస్తున్నారు. ఒకదాన్ని పొగిడి, ఆ పొగడ్తతోనే రెండోదాన్ని కొడుతున్నారు. చూడటానికి మాత్రం అంతా ముచ్చటగా, మర్యాదగా జరుగుతోంది.

అప్పటిదాకా ఫోన్‌లో చెరువుల సంగతి మాట్లాడుతున్న మేనమామగారు లేచి వచ్చారు. మా అమ్మాయి భుజం మీద చీటీ రెండు వేళ్ళతో పట్టుకుని, కళ్ళజోడు సర్దుకుని చదివారు. చదివి, చినబాబుగారి వైపు తిరిగి, అదే నవ్వుతో అన్నారు.

"ఏమండీ, ఈ రేటు చీరకా, పిల్లకా?"

అందరూ నవ్వారు. చినబాబుగారు నవ్వారు. పెళ్ళికొడుకు తల్లి, నువ్వూరుకో అన్నయ్యా అంటూ నవ్వారు. పక్క కౌంటర్‌లో ఇద్దరు నవ్వారు. నన్ను మాత్రం ఎవరో ఎత్తి కింద పడేసినట్టుంది. ఆ మాట రోడ్డు మీద పోకిరివాడు అనుంటే ఈసడించుకుని వెళ్ళిపోయేవాళ్ళం. ఈయన ఇంటికి పెద్ద. పోయినేడే కూతురికి పెళ్ళి చేసిన మనిషి. మెచ్చుకుంటున్నాననే అనుకుంటున్నాడు. నేను గుమాస్తాగారి కేసి చూశాను. మనిషి మనది కాదని నాకు చెప్పిన ఆయన తల వంచుకుని, మడత పెట్టిన చీరనే విప్పి మళ్ళీ మడత పెడుతున్నారు.

నేను నోరు తెరిచేలోపు పెళ్ళికూతురు లేచింది. వచ్చినప్పటి నుంచీ ఒక్క మాట మాట్లాడని పిల్ల. నేరుగా మా అమ్మాయి దగ్గరికి వెళ్ళి, ఆయన వేళ్ళ మధ్య నుంచి చీటీ తీసుకుని, భుజం మీది పిన్నీసు విప్పింది. గుచ్చుకుంటుందేమోనని జాగ్రత్తగా, చాలాసేపు విప్పింది. నీ చీర కట్టుకో అమ్మా, వెళ్ళు అని మెల్లగా చెప్పింది. తర్వాత ఆయన వైపు తిరిగింది.

"బాబాయిగారూ, పెళ్ళిచూపుల్లో నన్ను కూడా అన్నారండి. రంగు తక్కువైనా కళ ఉంది, మావాడు సర్దుకుంటాడులెండి అన్నారు. అందరూ నవ్వేరు. నేనూ నవ్వేను. అది మెచ్చుకోలే అనుకున్నానండి ఇన్నాళ్ళూ."

ఆయన మొహంలో నవ్వు ఇంకా ఉంది గానీ, దాన్ని ఏం చెయ్యాలో తెలియక అలా ఉండిపోయింది. అదేంటమ్మా, సరదాకి అన్నానమ్మా అన్నారు. తెలుసండి అంది ఆ పిల్ల. తల్లి చెయ్యి పట్టుకుంది. నాకివాళ చీరలు వద్దమ్మా, వెళ్దాం అంది. తల్లి, ఏమనుకుంటారే అని గొణిగింది. అయినా కూతురి వెనకే నడిచింది. పది నిమిషాల్లో రెండు కార్లూ వెళ్ళిపోయాయి. కౌంటర్ మీద చీరలు గుట్టగా మిగిలాయి.

మా అమ్మాయి క్యారేజీల గదిలో ఒక మూల కూర్చుంది. తన నూలు చీర కట్టుకుంది. పట్టుచీర పక్కన చక్కగా మడత పెట్టి ఉంది, అలవాటు. ఏడవడం లేదు. నేను పక్కన కూర్చుంటే అడిగింది.

"అక్కా, ఆయన అలా అన్నప్పుడు నేను నవ్వేనా?"

నాకు అర్థం కాలేదు.

"నాకు గుర్తులేదక్కా. నవ్వేనేమోనని భయంగా ఉంది."

నిజం ఏంటంటే, నవ్వింది. రోజుకి వందసార్లు నవ్వమని చెప్పిన నవ్వు, దానంతటదే పెదాల మీదకి వచ్చేసింది. నేను చూశాను. లేదమ్మా, నువ్వు నవ్వలేదు అని చెప్పాను. ఆ అబద్ధం చెప్పినందుకు నాకు ఇప్పటికీ ఏ బాధా లేదు.

సాయంత్రం చినబాబుగారు మమ్మల్ని పిలిచారు. పెద్ద బేరం పోయిందని కోపం. వాళ్ళేమన్నారు, బాగున్నావనే కదా అన్నది, అందంగా ఉన్నదాన్ని అందంగా ఉందంటే అవమానమా అని అడిగారు. నిజంగానే అడిగారు, ఆయనకి అర్థం కాలేదు. నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. మా కౌంటర్‌లో ఒకావిడ కూడా ఆ మాటే అంది. మనల్నైతే ఎవరూ అనరు, అన్నదానికి ఏడుపేంటి అని. రేటు చీరదేనని ఆయనకి తెలీదా, జోక్ చేశారు, నవ్వేసి ఊరుకుంటే పోయేది, రేపు మామూలుగా నిలబడాలి అని చినబాబుగారు తేల్చేశారు.

బయటికి వచ్చాక గుమాస్తాగారు మెట్ల దగ్గర ఆగి, నోరు రాలేదమ్మా, పెద్ద బేరం అన్నారు. ఆయన ఆ తర్వాత రిటైరయ్యేదాకా కొత్తవాళ్ళకి ఆ సూత్రం చెప్పగా నేను వినలేదు.

ఆ రాత్రి నాకేం తోచలేదు. పొద్దున్న షాపుకి వచ్చాక తోచింది. ఆ పిల్లని కింద నూలు చీరల కౌంటర్‌లో కూర్చోబెట్టి, నేను మేడ మీదకి వెళ్ళాను. ఆ కనకాంబరం రంగు చీరే తీసి కట్టుకున్నాను. చీటీ తీసి భుజానికి పిన్నీసు పెట్టుకుని మెట్ల పైన నిలబడ్డాను. అప్పటికి నాకు నలభై దాటాయి. మనిషిని లావు, నలుపు. ముందు జుట్టంతా నెరిసిపోయింది. రంగు వేసుకునే అలవాటు నాకెప్పుడూ లేదు. వచ్చినవాళ్ళందరికీ నమస్కారం పెట్టి నవ్వాను.

మొదట వచ్చినావిడ నన్ను చూసి, పెళ్ళివారింటి మనిషిననుకుని, మీ అమ్మాయిదా అబ్బాయిదా అండి పెళ్ళి అని అడిగింది. ఇంకొకావిడ బాత్‌రూమ్ ఎటని అడిగింది. మా వాళ్ళు కౌంటర్ల వెనక నోళ్ళు నొక్కుకుంటున్నారు. చినబాబుగారు వచ్చి చూసి, మొహం కందగడ్డ చేసుకుని, ఏంటండీ ఇది, నన్ను నలుగురిలో అవమానిస్తున్నారా అన్నారు. ఉద్యోగం పోతే ఇంట్లో పొయ్యి వెలగడం కష్టమే.

అంతలో షావుకారుగారు మెట్లెక్కి వచ్చారు. రోజూ ఆ వేళకి వచ్చి గల్లాపెట్టె దగ్గర దీపం పెడతారు. నన్ను కిందనుంచి పైకి, పైనుంచి కిందకి చూసి, ఏంటమ్మా ఈ వేషం అన్నారు.

"వేషం కాదండి, డ్యూటీ. రేటు చీరకేనని చినబాబుగారు చెప్పేరండి. చీర నిన్నటిదేనండి. ఎవరు కట్టుకుంటే ఏంటండీ మరి?"

ఆయనకి ముందురోజు సంగతి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదట. కుర్చీ తెప్పించుకుని కూర్చుని, మొత్తం చెప్పమన్నారు. చెప్పాను. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నా నోటితో అనలేకపోయాను. ఇంకొకసారి అడిగారు. అన్నాను. ముసలాయన, నా షాపులోనా అన్నారు. అని కొడుకు కేసి చూశారు. నువ్వక్కడే ఉన్నావా అన్నారు. ఆ రోజు నుంచి చీటీలు బొమ్మలకే పెట్టారు, మనుషులని నిలబెట్టడం మానేశారు. మా షావుకారుగారికి క్షమాపణ చెప్పడం అలవాటు లేదు. కిందకి వెళ్ళి, ఆ పిల్ల ఎదురుగా నిలబడి, మీ ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికమ్మా అని అడిగి, ఆమె చెప్పింది విని, సరే సరే అని వెళ్ళిపోయారు. చినబాబుగారు చాలా కాలం నాతో పనికి తప్ప మాట్లాడలేదు.

ఇంకో మాట చెప్పాలి. నా ఒంటి మీది కనకాంబరం చీర ఆ మధ్యాహ్నమే అమ్ముడుపోయింది. ఒక టీచరమ్మ వచ్చి, మీకే ఇంత బాగుంటే నాకూ బాగుంటుందిలెండి అని కొనుక్కెళ్ళింది. అది పొగడ్తో తిట్టో ఈరోజుకీ నాకు తేలలేదు.

ఆ పెళ్ళి ఆగిపోయిందనే నేను అనుకున్నాను. మనసులో ఆ పిల్లని చాలా ఎత్తున నిలబెట్టుకున్నాను. నెల తిరిగేలోపు తెలిసింది, ఆ పెళ్ళి జరిగిందని, పట్టుచీరలు వేరే ఊళ్ళో కొన్నారని. నాకు మళ్ళీ అదే దెబ్బ. అంత మాట అన్న పిల్ల అదే ఇంటికి ఎలా వెళ్ళిందని రోజుల తరబడి కొట్టుకున్నాను. ఎవరి మీద కోపమో నాకే తెలియలేదు.

మూడు నాలుగేళ్ళ తర్వాత ఒక ఎండాకాలం మధ్యాహ్నం, షాపులో ఎవరూ లేని వేళ, ఒకావిడ ఒక్కత్తే వచ్చి కింద నన్ను చూసి ఆగిపోయింది. ఆవిడే. కొంచెం ఒళ్ళు చేసింది. స్కూల్లో ఉద్యోగం చేస్తున్నానని చెప్పింది. నేను ఉండబట్టలేక అడిగేశాను, పెళ్ళెలా చేసుకున్నావమ్మా అని. ఆవిడ నవ్వింది. ఆ రోజు కారులో రావులపాలెం దాటేదాకా ఎవరూ నోరు మెదపలేదట. దాటాక అందరూ ఒకేసారి మాట్లాడారట. మర్నాడు పెళ్ళికొడుకు ఒక్కడే వాళ్ళింటికి వచ్చి, మా మావయ్య పెళ్ళిచూపుల్లో అన్నది నాకు గుర్తుంది, నేనూ నవ్వాను, నువ్వు వద్దంటే నేను ఇంట్లో చెప్పుకుంటాను అన్నాడట. అందుకే చేసుకున్నానండి అంది. ఇప్పుడు మేనమామగారు ఆవిడ కనిపిస్తే, భోంచేసేవా అమ్మా అని మాత్రమే అడుగుతారట. ఎండాకాలమైనా, చలికాలమైనా, పొద్దున ఏడింటికైనా అదే ప్రశ్నట.

ఆ అమ్మాయి ఉందా అని అడిగింది. ఉంది. నూలు చీరల కౌంటర్ మొత్తం అప్పటికి తనే చూసుకుంటోంది. పిలిచాను. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మా అమ్మాయి ఆ రోజు తర్వాత ఎవరు బాగున్నావన్నా ముడుచుకుపోయేది, తను కూడా ఎవరినీ ఆ మాట అనేది కాదు. వెంకటగిరి చీర, మంగళగిరి చీర అని చెప్పి ఊరుకునేది, అయినా బేరాలు తెగేవి. అలాంటిది, కౌంటర్ మీద రెండు చేతులూ ఆనించి మెల్లగా అంది.

"మిమ్మల్ని ఎప్పుడైనా చూస్తే చెప్పాలనుకున్నానండి. ఆ రోజు మీరు లేచి నిలబడ్డప్పుడు చాలా బాగున్నారండి."

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. తర్వాత స్టూలు దగ్గరికి జరుపుకుని కూర్చుని, నూలు చీరలు చూపించమ్మా, నువ్వే చూపించు అంది.